ఎదురు కొట్టువాణ్ణి అడగండి

తాడేపల్లిగూడెంలో ఉల్లిపాయల వ్యాపారం చేసే ఏడుకొండలు గారు ఏ వస్తువు గురించీ దాన్ని అమ్మేవాణ్ణి ఎన్నడూ అడగలేదు. ఎదురు కొట్టువాణ్ణి అడిగేవారు. అడిగి కొన్నారని మాత్రం చెప్పడం కష్టం. చాలాసార్లు అడగడంతోనే పొద్దుపోయేది.

"అమ్మేవాడు తన సరుకు మంచిదనే అంటాడు కదండీ. అది వినడానికి అంత దూరం వెళ్ళడం దేనికి? వాడి లోపాలు ఎవరికి తెలుస్తాయి? ఎదురు కొట్టువాడికి. పొద్దున్న లేచిన దగ్గర్నుంచీ వాడు చూసేది అదేగా!" అనేవారు ఆయన. ఎవరి లోపాలు తక్కువగా తేలితే వాళ్ళ దగ్గర కొనాలని ఆయన సిద్ధాంతం. చిక్కేమిటంటే, గట్టిగా అడిగితే లోపం లేని కొట్టు ఈ లోకంలో లేదు.

ఒక వేసవిలో ఇంట్లో ఫ్యాను కాలిపోయింది. ఆయన బజారుకెళ్ళి కుడిపక్క కొట్లో ఎడంపక్క కొట్టు ఫ్యాన్ల గురించీ, ఎడంపక్క కొట్లో కుడిపక్క కొట్టు ఫ్యాన్ల గురించీ అడిగారు. ఒకరి ఫ్యాను నాలుగు రోజులకే గరగరమంటుందట. రెండోవాళ్ళది గాలంతా పైకప్పుకి కొడుతుందట. ఇద్దరు యజమానులూ కొట్లు వదిలి రోడ్డు మీదకొచ్చి ఒకరి చొక్కా ఒకరు పట్టుకునేదాకా అడిగి, ఈయన మాత్రం గొడుగేసుకుని ఇంటికొచ్చేశారు. ఏదీ తేలకుండానే చలికాలం వచ్చింది. "చూశారా, తొందరపడి కొనుంటే ఇప్పుడది దేనికి?" అన్నారు సంతోషంగా.

పన్ను నొప్పి వచ్చినప్పుడు ఇంకా ఘోరం. ఒక డాక్టరు గారి కుర్చీలో నోరు తెరుచుకుని కూర్చుని, ఆ తెరిచిన నోటితోనే, వీధి చివరి డాక్టరు గారి పనితనంలో లోపమేమిటని అడిగారు. తర్వాత లేచి ఆ చివరాయన దగ్గరికెళ్ళి ఈయన సంగతి అడిగారు. ఇద్దరి మధ్యా తిరిగి తిరిగి, చివరికి ఆ పన్నే విసుగొచ్చి ఊడిపోయింది.

కొడుకు నిరంజన్‌కి సంబంధం చూసేటప్పుడు కూడా అంతే. తణుకులో పిల్ల ఉందంటే పిల్ల వాళ్ళింటికి వెళ్ళలేదు. పిల్ల తండ్రితో గోడ తగాదా ఉన్న పక్కింటివాడెవరో కనుక్కుని అక్కడికెళ్ళి కూర్చున్నారు. పక్కింటాయన పూటంతా పిల్ల తండ్రిని తిట్టిపోసి, మజ్జిగ తాగి, మళ్ళీ తిట్టి, ఆఖర్న, "పిల్ల మటుకు బంగారవండీ. అలాంటి వాడి కడుపున ఎలా పుట్టిందో!" అన్నాడు. ఏడుకొండలు గారు అప్పటికప్పుడు తాంబూలాలకి మాటిచ్చేశారు. ఆయన జీవితంలో తొందరగా తెమిలిన బేరం అదొక్కటే.

ఆ పిల్లే చంద్రకళ. అత్తగారు అంతకుముందే పోవడంతో, కాపురానికి వచ్చీ రాగానే ఇంటి పెత్తనం చేతికొచ్చింది. కొత్తలో మావగారి కథలు చెప్పుకుని నిరంజన్, తనూ పొట్టలు పట్టుకుని నవ్వేవారు.

ఇప్పుడు ఆమె నవ్వడం లేదు. నిరంజన్ పోయి రెండేళ్ళు దాటింది. కొట్లో ఉల్లి బస్తాల మధ్య నిలబడ్డవాడు నిలబడ్డట్టే కూలిపోయాడు. గుండె అన్నారు. అతని పేరు మీద బీమా పాలసీ లేదు. ఎందుకు లేదంటే, పెళ్ళాం అడిగినప్పుడల్లా అతను చెప్పిన సమాధానం ఒక్కటే: "నాన్న ఇంకా కంపెనీలు చూస్తున్నాడు కళా. ఆయన సంగతి తెలుసుగా!"

పెద్దకర్మ నాడు చుట్టాలు గారెలు తింటూ ఆ మాటే అనుకున్నారు. మన చుట్టాలకి గారెలు తినేటప్పుడే నిజాలు గుర్తొస్తాయి. "కొడుకు పాలసీ కూడా ఫ్యాను కొన్నట్టు కొందామనుకున్నాడు పాపం, పెద్దాయన," అని ఒకరు. "అడగడం తేలేలోపల మనిషే పోయె," అని ఇంకొకరు. ఏడుకొండలు గారు తలొంచుకుని అన్నీ విన్నారు. ఒక్క మాట తిరిగి అనలేదు. చంద్రకళ ఆ మౌనాన్ని నేరం ఒప్పుకోవడం కిందే జమకట్టుకుంది.

ఆనాటినుంచీ ఆమె కొట్టు చూసుకుంటోంది, వంట చేస్తోంది, మావగారికి వేళకి వడ్డిస్తోంది. కానీ ఆమె నోటినుంచి వచ్చే మాటలో ఉల్లిపాయ ఘాటు తగ్గిందే లేదు. "చారు బావుందమ్మా" అని ఆయనంటే, "ఎదురింటివాళ్ళని అడిగే చెప్తున్నారా?" అనేది. ఆయన నవ్వేవారు. ఆ నవ్వు చూస్తే ఆమెకి ఒళ్ళు మండేది.

నిరంజన్ వదిలివెళ్ళినవాటిలో ప్రాణమున్నది పిల్లి ఒక్కటే. ఒకసారి కొల్లేటికోట పెద్దింట్లమ్మ జాతరకి వెళ్ళి, తడిసిన పిల్లిపిల్లని చొక్కా లోపల పెట్టుకుని వచ్చాడు. అది రోజూ కొట్లో గల్లాపెట్టె మీదెక్కి వచ్చేపోయేవాళ్ళని అనుమానంగా చూస్తుండటంతో గుమస్తా అని పేరు పెట్టారు. ఆ ఇంట్లో ఉల్లిపాయని మించిన నీచు ఎవరూ ఎరగరు. గుమస్తాకి మాత్రం చేప లేనిదే ముద్ద దిగదు, కొల్లేటి పుట్టుక కదా మరి. అందుకని ఏడుకొండలు గారు ముక్కుకి కండువా చుట్టుకుని చేపల బజారుకి వెళ్ళేవారు.

"ఏమ్మా వీరదుర్గా, ఆ చివర కూర్చున్నావిడ చేపల్లో లోపం ఏవిటమ్మా?"

"లోపం ఏవిటాండీ? అయ్యసలు కొల్లేటి చేపలే కాదండీ బాబూ! మందులేసి పెంచిన చెరువు చేపలండి!" అని వీరదుర్గ బజారంతా వినపడేలా చెప్పేది. ఆ చివరావిడ చేపతో సహా లేచొచ్చేది. ఆ పోట్లాటలో ఈయన ఇటు దెబ్బలూ అటు శాపనార్థాలూ తిని, తలలో రెండు పొలుసులతో ఉత్తచేతుల్తో ఇంటికొచ్చేవారు. మళ్ళీ చంద్రకళే కూలివాణ్ణి పంపి చేప తెప్పించాల్సి వచ్చేది.

అలాంటి గుమస్తా ఈమధ్య చిక్కిపోయాడు. గిన్నెడు నీళ్ళు తాగి, మళ్ళీ వచ్చి గిన్నె దగ్గరే కూర్చుంటున్నాడు.  చంద్రకళ ఫోన్లో చూస్తే పిల్లులకి కూడా బీమా ఉందని తెలిసింది. తెలియగానే ఆమెకి సంతోషం కలగలేదు, కడుపు మండింది. ఈ ఇంట్లో మనిషికి దొరకని పాలసీ పిల్లికి దొరుకుతుందన్నమాట!

"నేను చూస్తానమ్మా," అన్నారు ఏడుకొండలు గారు.

"మీరు చూస్తే ఏమవుతుందో నేను చూశానండి," అంది చంద్రకళ. ఆయన మొహం పాలిపోయింది గానీ, "ఈసారికి నాకు వదిలెయ్యమ్మా," అన్నారు.

"సరే. ఉగాదిలోగా పాలసీ చేతికి రాకపోతే నేనూ వీడూ తణుకు మా తమ్ముడింటికి వెళ్ళిపోతాం. ఇంక రాం. కొట్టు మీరు చూసుకోండి. వీడు కూడా మీ అడగడంలోనే పోతే నేను భరించలేను మావయ్యగారూ."  అది బెదిరింపు కాదు. తమ్ముడికి ఫోన్ చేసి గది ఖాళీ చేయించింది కూడా.

పిల్లులకి బీమా చేసే కంపెనీలు రెండు దొరికాయి. వాటి అసలు పేర్లకి ఏడుకొండలు గారి నోరు తిరగలేదు. కాగితాల మీది బొమ్మల్ని బట్టి ఒకటి కుందేలు కంపెనీ, ఒకటి నెమలి కంపెనీ అన్నారు. మర్నాడు పొద్దున్నే స్నానం చేసి, బొట్టు పెట్టుకుని, నెమలి కంపెనీకి ఫోన్ చేశారు.

"అమ్మా, గూడెం నుంచి ఏడుకొండలు మాట్లాడుతున్నాను. మీ పాలసీ గురించి నాకేం చెప్పకు తల్లీ. ఆ కుందేలు కంపెనీవాళ్ళలో లోపం ఏవిటి?"

"సారీ సార్, మేం వేరే కంపెనీల గురించి మాట్లాడకూడదు సార్."

"పోనీ మాట్లాడకు. వాళ్ళ గొప్పలు నేను చదువుతాను. అబద్ధం వచ్చినచోట నువ్వు కొంచెం దగ్గు."

అవతల పిల్ల చాలాసేపు ఓర్చుకుంది. తర్వాత ఒకసారి దగ్గింది. 'క్లెయిము వెంటనే చెల్లించబడును' అన్నచోట ఆగకుండా దగ్గింది. "మంచినీళ్ళు తాగమ్మా," అని ఏడుకొండలు గారు ఫోన్ పెట్టేశారు.

కుందేలు కంపెనీ కుర్రాడికి ఈ మొహమాటాలేం లేవు. అడిగిందే తడవుగా నెమలివాళ్ళ బండారం బయటపెట్టాడు. పాలసీ తీసుకున్న కొత్తల్లో జబ్బు చేస్తే ఇవ్వరట. పాత జబ్బయితే అసలే ఇవ్వరట. పైగా పిల్లి ముక్కు ఫొటో అడుగుతారట, ఆ ముక్కు కలవకపోతే పిల్లి వేరే పిల్లి అంటారట. దాంతో ఏడుకొండలు గారు ఒక సాయంత్రమంతా గుమస్తా ముక్కుని ఫొటో తియ్యడానికి ప్రయత్నించారు. ఫొటోలో చివరికి పడింది ఏడుకొండలు గారి ముక్కు, దానిమీద కొత్తగా పడ్డ గోటిగీతతో సహా.

రెండు కంపెనీలూ పశువుల డాక్టరు సర్టిఫికెట్టు ఉండాలన్నాయి. ఏలూరు పవర్‌పేటలో తేజశ్రీ అనే డాక్టరమ్మ పిల్లుల్ని బాగా చూస్తుందని ఎవరో చెప్పారు. ఎదుటి డాక్టరెవరో కనుక్కుందామంటే ఆ వీధిలో ఇంకో పశువుల డాక్టరు లేడు. ఆయన బుట్టలో గుమస్తాని పెట్టుకుని పాసింజరు ఎక్కారు.

"నేనూ వస్తానండి," అంది చంద్రకళ.

"నువ్వొస్తే బేరం చెడుతుందమ్మా," అన్నారాయన.

సాయంత్రం తిరిగొచ్చారు. ఏమైందంటే, "రెంటిలోనూ తిరకాసుంది. ఇంకా అడగాలి," అన్నారు. ఆ మాట వినగానే చంద్రకళకి పాత మంట పైకెగిసింది. రెండు రోజులకి మళ్ళీ బుట్ట తీసుకుని వెళ్ళారు. మళ్ళీ వెళ్ళారు. ఒకసారి గుమస్తా ముందుకాలు మీద బొచ్చు గొరిగి ఉంది.

"ఇదేంటండీ?"

"గుర్తు కోసం కంపెనీవాళ్ళు గొరిగారమ్మా."

ఇంకోసారి ఒక సంచీ నిండా మందులూ, పిల్లితిండి పొట్లాలూ తెచ్చారు. ఇకమీదట చేప పెట్టొద్దన్నారు. "నెమలి కంపెనీవాళ్ళు శాంపిల్‌గా ఇచ్చారు. బస్తా కొనే ముందు మనం నాలుగు పాయలు పైకి తీసి చూడమూ? అలాగే ముందు మందు వాడి చూసి, నచ్చితే పాలసీ తీసుకోమన్నారు."

ఉల్లిపాయల్లో పుట్టి పెరిగిన బుద్ధికి తప్ప ఇంకెవరికీ ఇలాంటి అబద్ధం తట్టదు. చంద్రకళ కొట్టు లెక్కలన్నీ కంప్యూటర్లో చూసే మనిషి. ఏ బీమా కంపెనీ ఎవరికీ శాంపిల్ ఇవ్వదని ఆమెకి తెలుసు. ఈయన పాలసీ ఎగ్గొట్టి ఎక్కడో నాటు మందులు తెస్తున్నాడని తేల్చుకుంది. ఉగాది ఆ వారంలోనే ఉంది. బట్టలు సర్దుకుంది. ఆయన పొద్దున్న బుట్టతో బయల్దేరగానే కొట్టుకి తాళం వేసి, ఏలూరు బస్సెక్కింది. తణుకు వెళ్ళే ముందు ఆయన అబద్ధాన్ని పదిమందిలో పట్టుకోవాలన్నంత కసిగా ఉంది ఆమెకి.

ఏలూరులో నెమలి కంపెనీ పని చూసేది అబ్బాయిరాజు గారు. మనుషులకీ, లారీలకీ, గేదెలకీ, ఈమధ్య పిల్లులకీ కూడా బీమా చేసే పెద్దమనిషి. చంద్రకళ పేరు చెప్పగానే లేచి నిలబడి కుర్చీ వేశారు.

"మా పిల్లికి మీరు శాంపిల్ మందులిచ్చారటగా?" అంది ఆమె.

"శాంపిలేంటమ్మా?" రాజు గారు తెల్లబోయారు. "మేం కాదనేశాం కదండీ. డాక్టరమ్మ గారి పరీక్షలో రెండు కిడ్నీలూ పాడయ్యాయని తేలిందండి. కుందేలు వాళ్ళూ తిరక్కొట్టారు. ఇంక ఆ పిల్లిని ఎవరూ తీసుకోరండి. మందులూ, సెలైనూ అన్నీ మీ మావగారే పెట్టుకుంటున్నారు. మీకు చెప్పలేదాండీ?"

చంద్రకళ కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చుంది. "నాకు ఇంకా అడుగుతున్నానని చెప్పారు."

"ఆయన అంతేనమ్మా. అప్పుడు నిరంజన్ గారి విషయంలో కూడా..." అని రాజు గారు నాలిక్కరుచుకున్నారు.

"నిరంజన్ విషయంలో ఏంటండీ?"

"ఏం లేదమ్మా. కాఫీ తాగుతారాండీ?"

"రాజు గారూ, చెప్పకపోతే నేనిక్కణ్ణుంచి కదలనండి."

రాజు గారు తలుపు దగ్గరగా వేసి వచ్చారు. "పాలసీ కోసం మా డాక్టరు పరీక్ష చేసినప్పుడే గుండె పెరిగిందని తేలిందమ్మా. మేం కాదన్నాం. మిగతా వాళ్ళూ కాదన్నారు. తండ్రీ కొడుకులు ఇక్కడే కూర్చున్నారండి. 'కళకి చెప్పొద్దు నాన్నా. తెలిస్తే పూటపూటా హడలి చస్తుంది. నేను మందులు వాడుకుంటాను. పాలసీ ఏదని అడిగితే నువ్వింకా కంపెనీలు చూస్తున్నావని చెప్తాను. నీ సంగతి ఊరందరికీ తెలుసు, ఎవరైనా నమ్ముతారు' అన్నారండి ఆ అబ్బాయి. పెద్దాయన ఏడుస్తూనే నవ్వారమ్మా. 'ఇన్నాళ్ళకి నా అడగడం ఒక పనికొచ్చిందిరా' అన్నారు."

 పెద్దకర్మ నాటి గారెల పంక్తి చంద్రకళ కళ్ళముందు కదిలింది. "పోయాకైనా చెప్పొచ్చుగా! నేను ఎన్నెన్ని మాటలన్నాను!"

"నేనూ అదే అడిగానండి. ఏమన్నారో తెలుసా? 'నన్ను తిట్టుకుంటే ఆ పిల్లకి కాస్త బరువు దిగుతుంది రాజు గారూ. మొగుడే తన దగ్గర దాచాడని తెలిస్తే వాణ్ణి తిట్టుకోవాలి. పోయినవాణ్ణి తిట్టుకుంటే దానికింకేం మిగులుతుంది? నేనైతే ఎదురుగా ఉన్నాను, ఎంత తిట్టినా అరుగుదల లేదు' అన్నారమ్మా."

ఆమెకి ముందు కోపమే వచ్చింది. తనని చిన్నపిల్లని చేసి దాచిన మొగుడి మీద కోపం. తన నోటితో రెండేళ్ళు అనరాని మాటలు అనిపించుకుని హాయిగా చారు తాగిన ముసలాయన మీద ఇంకా కోపం. మంచితనానికైనా ఒక హద్దుండాలి. ఆ కోపంలోనే కళ్ళు తుడుచుకుని, "ఇప్పుడెక్కడున్నారండీ ఆయన?" అంది.

"పిల్లికి సెలైన్ పెట్టించి ఈపాటికి పవర్‌పేట స్టేషన్‌కి వెళ్ళుంటారండి."

ఉన్నారు. ప్లాట్‌ఫాం బెంచీ మీద బుట్ట పక్కన పెట్టుకుని, మూత సందులోంచి వేలు పెట్టి గుమస్తా తల నిమురుతున్నారు. దారి పొడుగునా చంద్రకళ ఆయన్ని అడగవలసినవన్నీ కూడబలుక్కుంటూ వచ్చింది. దగ్గరికి వచ్చేసరికి ఏదీ అడగబుద్ధి కాలేదు. అడిగితే కొడుకు కోసం ఆయన దాచుకున్నది కాస్తా లాక్కున్నట్టవుతుందనిపించింది. ఆయన ఆమెని చూసి గతుక్కుమన్నారు. గబగబా బుట్టని అటు జరిపారు.

"నువ్వేంటమ్మా ఇక్కడ? కొట్టో?"

"మూసొచ్చానండి." ఆమె పక్కనే కూర్చుంది. "ఏమన్నారు కంపెనీవాళ్ళు?"

ఏడుకొండలు గారు గొంతు సవరించుకున్నారు. "నెమలివాళ్ళలో కొంచెం మెలికుందమ్మా. కుందేలు వాళ్ళని ఇంకోసారి అడగాలి. ఉగాదికి తేలేట్టు లేదు. నువ్వు తణుకు..." అని ఆగిపోయారు.

"అడగండి," అంది చంద్రకళ. "తొందరేం లేదు. నేనెక్కడికీ వెళ్ళట్లేదు."

ఆయన నమ్మలేనట్టు చూశారు. "ఈ ఎండాకాలం పట్టచ్చేమో," అన్నారు మెల్లిగా, బుట్టవైపు చూస్తూ. డాక్టరమ్మ చెప్పిన గడువు అదేనని చంద్రకళకి అర్థమైంది. పైకి మాత్రం కూరలవాడి దగ్గర గీచిగీచి బేరమాడే మొహమే పెట్టింది.

"ఎండాకాలానికే ఎలా తేలుతుందండీ? అడిగితే బాగా అడగాలి. దసరా దాకా చూడండి. అప్పటికీ తేలకపోతే కార్తీకం. మూడో కంపెనీ ఒకటి ఉందట, దాన్ని కూడా కనుక్కోవాలిగా."

"మూడోదా? ఏం కంపెనీ అమ్మా?"

"తాబేలు కంపెనీ అండి," అంది. "ఏ పనైనా చాలా నిదానంగా చేస్తారట."

ఏడుకొండలు గారు కోడలి మొహంలోకి చూశారు. ఏడ్చిన కళ్ళు దాచినా దాగవు. ఆయనకి తెలిసిపోయింది. తెలిసినట్టు ఈమెకీ తెలిసిపోయింది. ఇద్దరూ ఏమీ తెలియనట్టే కూర్చున్నారు. కాసేపటికి ఆయన కండువాతో మొహం తుడుచుకుని, వ్యాపారం గొంతు తెచ్చిపెట్టుకున్నారు.

"తాబేలువాళ్ళ లోపాలు ఎవర్నడిగితే తెలుస్తాయంటావ్?"

"కుందేలు వాళ్ళనే అడగండి మావయ్యా," అంది చంద్రకళ. "వాళ్ళకి కడుపుమంట ఎక్కువుంటుంది."